కాకినాడకు చేరిన శాస్త్రవేత్త.. అంగారకుడి దాకా వెళ్లిన ఆలోచన

2025 సెప్టెంబరులో నాసా ఒక వార్త చెప్పింది. పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడి మీద చెయావా ఫాల్స్ అని పేరు పెట్టిన రాయిలో చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులు చూసింది. ఆ మచ్చల్లో ఉన్నలాంటి ఖనిజాలు భూమ్మీద సూక్ష్మజీవుల వల్ల ఏర్పడుతుంటాయి. జీవంతో సంబంధం లేకుండా కూడా ఏర్పడవచ్చు. అందుకే శాస్త్రవేత్తలు జీవం దొరికిందని అనలేదు, జీవానికి సంకేతం అయ్యే అవకాశం ఉందని మాత్రమే అన్నారు. ఆ వారం మా హ్యూస్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. కొందరు అంగారకుడి మీద జీవం దొరికేసిందని పండగ చేసుకున్నారు. ఇంకొందరు ఇదంతా నిధుల కోసం హడావుడి అని కొట్టిపారేశారు.

ఈ రెంటి మధ్యా నిలబడి ఆలోచించడం ఎలాగో చూపించిన ఒక మనిషి కథ చెప్పాలని అప్పుడే అనుకున్నాను. ఆయన పేరు జె.బి.ఎస్. హాల్డేన్. పుట్టింది ఇంగ్లండ్‌లో, కన్నుమూసింది భువనేశ్వర్‌లో, ఆఖరికి చేరింది మన కాకినాడకు. జన్యుశాస్త్రంలో ఆయనది పెద్ద పేరు. కానీ ఇతర గ్రహాల మీద జీవం కోసం సాగుతున్న వెతుకులాటలో ఆయన పాత్ర మనలో చాలామందికి తెలియదు.

గనిలో మొదటి పాఠం

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పరిశోధించిన పేరున్న శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో ఏ గాలి పీల్చి కార్మికులు చనిపోతున్నారో తేల్చడం ఆయన పనుల్లో ఒకటి. కొడుకును చిన్నప్పటి నుంచే వెంటబెట్టుకుని తిరిగేవారు. ఒకసారి గనిలో పైకప్పు కింద మీథేన్ పేరుకున్న చోటికి తీసుకెళ్లి, నిలబడి షేక్‌స్పియర్ నాటకం జూలియస్ సీజర్‌లోని ఆంటోనీ ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లవాడికి ఊపిరి అందక కాళ్లు తేలిపోయాయి. కింద పడ్డాక మళ్లీ ఊపిరి మామూలుగా ఆడింది. మీథేన్ గాలి కన్నా తేలికైనదని, అది పైనే ఉంటుందని, నేల దగ్గర మంచి గాలి ఉంటుందని అలా తెలిసింది. ఈ రోజుల్లో అమెరికాలో ఏ తండ్రైనా ఇలా పాఠం చెబితే మర్నాడు పిల్లల సంరక్షణ అధికారులు తలుపు కొడతారు. కానీ ఆ పిల్లవాడు దాన్ని జన్మలో మరిచిపోలేదు.

విచిత్రం ఏమిటంటే, ఇంత పెద్ద శాస్త్రవేత్తకు సైన్స్‌లో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ముందు గణితం, తర్వాత గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్వశాస్త్రం చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో గాయపడితే కోలుకోవడానికి ఆయన్ను భారతదేశానికి పంపారు. ఈ దేశంతో తొలి పరిచయం అదే. యుద్ధం తర్వాత కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం, ఆపైన లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రం. పరిణామవాదాన్ని లెక్కల్లోకి దించిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు ఫిషర్, సీవాల్ రైట్.

తండ్రి నుంచి వచ్చిన అలవాటు ఒకటి చివరిదాకా ఉంది. ఏ ప్రయోగమైనా ముందు తన ఒంటి మీదే. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, లోపల చిక్కుకున్నవాళ్లు ఎలాంటి గాలి పీల్చారో తెలుసుకోవడానికి ఉక్కు గదిలో కూర్చున్నారు. ఆ తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ ఒత్తిడి దగ్గర ఆక్సిజన్ పీల్చి మూర్ఛ వచ్చి వెన్నెముకకు దెబ్బ తగిలింది. ఆ నొప్పి ఏళ్ల తరబడి వదల్లేదు. ప్రాణం ఎంత వేడికి, ఎంత చలికి, ఎలాంటి గాలికి తట్టుకుంటుందన్న ప్రశ్న ఆయనకు కాగితం మీది ప్రశ్న కాదు.

మూత తీసినా పాడవని చారు

1929లో రేషనలిస్ట్ యాన్యువల్ అనే పత్రికలో ఆయన ఒక చిన్న వ్యాసం రాశారు. జీవం ఎలా పుట్టిందన్నది దాని విషయం. తొలినాటి భూమి మీద గాలిలో ఆక్సిజన్ లేదని ఆయన ఊహించారు. ఆక్సిజన్ లేకపోతే ఓజోన్ పొర కూడా ఉండదు. అప్పుడు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు నేరుగా నీటిని తాకుతాయి. నీరు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా కలిసిన మిశ్రమం మీద ఆ కిరణాలు పడితే చక్కెరల్లాంటి పదార్థాలు తయారవుతాయి.

మన వంటింట్లో చారు గిన్నె రెండు రోజులు బయట ఉంటే పాడైపోతుంది. కారణం సూక్ష్మజీవులు. అప్పటి భూమ్మీద తినేవాళ్లే లేరు. కాబట్టి ఆ పదార్థాలు పాడవకుండా పేరుకుపోయి సముద్రం మొత్తం పలచని వేడి చారులా మారి ఉంటుందని హాల్డేన్ లెక్క. అందులోనే సగం ప్రాణం ఉన్న పెద్ద అణువులు, ఆపైన మొదటి కణం పుట్టి ఉంటాయన్నారు. సగం ప్రాణం అన్నమాట ఎలా వచ్చిందంటే, బ్యాక్టీరియాను తినే వైరస్‌లు అప్పటికి కొన్నేళ్ల క్రితమే బయటపడ్డాయి. బయట ఉంటే జడపదార్థం, కణంలో దూరితే పిల్లల్ని పెట్టే జీవి. రెంటికీ మధ్య ఒక మెట్టు ఉందని అవి ఆయనకు చూపించాయి.

ఆ వ్యాసాన్ని అప్పట్లో చాలామంది ఊహాగానమనే అనుకున్నారు. 1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ అనే కుర్ర పరిశోధకుడు మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి ఉన్న గాజు పాత్రలో విద్యుత్ మెరుపులు పుట్టించి చూశాడు. ప్రొటీన్లకు ముడిసరుకైన అమినో ఆమ్లాలు వచ్చాయి. ఊహ కాస్తా ప్రయోగమైంది. తొలినాటి గాలిలో సరిగ్గా ఆ వాయువులే ఉన్నాయా అన్నది ఇప్పటికీ వాదమే. కానీ మామూలు రసాయనాల నుంచి జీవానికి కావలసిన సరుకు తయారవుతుందన్న మాట నిలిచింది.

ఇక్కడే ఇతర గ్రహాల సంగతి వస్తుంది. 1954లో హాల్డేన్ జీవం పుట్టుక గురించి మరో వ్యాసం రాసి నాలుగు అవకాశాలు ముందు పెట్టారు. జీవానికి ఆది అంటూ లేకపోవచ్చు, అది విశ్వంలో ఎప్పుడూ ఉన్నదే కావచ్చు. దైవికంగా జరిగి ఉండవచ్చు. మామూలు రసాయన చర్యల వల్ల మెల్లమెల్లగా వచ్చి ఉండవచ్చు. లేదా చాలా అరుదైన ఒక్క సంఘటన, తగినంత కాలం, తగినంత పదార్థం దొరకబట్టి జరిగి ఉండవచ్చు. తను నాస్తికుడై ఉండి, తనదైన సిద్ధాంతం ఉండి కూడా నాలుగింటినీ పక్కపక్కన పెట్టారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటాం. అది కుండ నిండా మెతుకులు ఉన్నాయని మనకు ముందే తెలుసు గనక. జీవం విషయంలో మన దగ్గరున్నది ఒకే ఒక్క మెతుకు, భూమి. దాన్ని ఎంత నలిపి చూసినా విశ్వంలో జీవం మామూలు విషయమో, ఒక్కసారే జరిగిన వింతో తేలదు. ఇంకో గ్రహం మీద, మనతో సంబంధం లేకుండా పుట్టిన చిన్న సూక్ష్మజీవి దొరికినా చాలు, లెక్క మారిపోతుంది. అంగారకుడి మీద వెతకడానికి ఇంత ఖర్చు, ఇంత శ్రమ దేనికని పిల్లలు అడిగితే నేను చెప్పే జవాబు ఇదే.

ఆ జీవం మనలాగే ఉండాలన్న పట్టుదల కూడా ఆయనకు లేదు. చాలా చల్లని చోట నీటి బదులు ద్రవ అమ్మోనియాలో నడిచే జీవరసాయనం ఉండవచ్చని 1954లోనే అన్నారు. శనిగ్రహపు చందమామ టైటాన్ మీద మీథేన్ సరస్సులున్నాయని తర్వాత తెలిసింది. అక్కడికి 2028లో డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రాన్ని పంపే పనిలో నాసా ఉంది.

మనకు ఎదురు దారిలో

1957 జూలైలో, 64 ఏళ్ల వయసులో, హాల్డేన్ లండన్ ఉద్యోగం వదిలేసి భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ దాడికి నిరసనగా వచ్చానని చెప్పారు. ఈ దేశం మీద ఇష్టం అంతకంటే పాతది. మహలనోబిస్ నడిపిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. మన సి.ఆర్. రావు అప్పటికే అక్కడ ఉన్నారు. హాల్డేన్ కోటు తీసేసి లాల్చీ, పంచె కట్టారు, మాంసం మానేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. మనం వీసా స్టాంపింగ్‌కు లైన్లో నిలబడి ఇటు వచ్చినవాళ్లం. అంతా వదులుకుని అటు వెళ్లిన మనిషిని చూస్తే మనకు కొంచెం ఆశ్చర్యం, కొంచెం గర్వం కలగడం సహజం.

ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఖరీదైన పరికరాలు లేకున్నా సైన్స్ చేయవచ్చని హాల్డేన్ నమ్మేవారు. ఏ రంగు లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో గంటల తరబడి లెక్కపెట్టడం కృష్ణారావు చేసిన తొలి పరిశోధనల్లో ఒకటి. తర్వాత ఆయన అమెరికా వచ్చి హ్యూస్టన్‌లో స్థిరపడి గురువు జీవితచరిత్ర రాశారు. హాల్డేన్ భారతదేశపు రోజులు ప్రపంచానికి వివరంగా తెలిశాయంటే అందులో ఈ తెలుగాయన చెయ్యి చాలా ఉంది.

గ్రహణం నాటి భోజనం

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించింది. నవంబరు 3న లైకా అనే కుక్కను పంపింది. ఆ రోజుల్లోనే జాషువా లెడర్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆస్ట్రేలియా నుంచి తిరిగి వెళ్తూ కలకత్తాలో హాల్డేన్ ఇంట్లో దిగాడు. బ్యాక్టీరియా జన్యువుల మీద పనిచేసేవాడు, వయసు 32. నవంబరు 7న సంపూర్ణ చంద్రగ్రహణం. రష్యా విప్లవానికి సరిగ్గా 40 ఏళ్లు నిండిన రోజు కూడా అదే.

భోజనాల దగ్గర మాట చంద్రుడి మీదకు వెళ్లింది. గ్రహణం వేళ చీకటి పడిన చంద్రుడి మీద రష్యా ఒక అణుబాంబు పేల్చి, ప్రపంచమంతా చూసేలా ఎర్రని మెరుపుతో పండగ చేసుకుంటే ఎలా ఉంటుందని హాల్డేన్ అన్నారు. ఆయన స్వయంగా చాలాకాలం కమ్యూనిస్టు. లైసెంకో పేరుతో రష్యాలో జన్యుశాస్త్రాన్ని రాజకీయం తొక్కేయడం కళ్లారా చూసినవారు. ఆ రాత్రి ఏ బాంబూ పేలలేదు. కానీ లెడర్‌బర్గ్‌కు గుండె ఝల్లుమంది. దేశాల పోటీలో సైన్స్‌ను పట్టించుకునేవాళ్లే ఉండరని, చంద్రుడిని, గ్రహాలను ఒక్కసారి పాడుచేస్తే మళ్లీ శుభ్రం చేయలేమని అతనికి అర్థమైంది. ఆ భయం ఉత్తదేం కాదు. చంద్రుడి మీద అణుబాంబు పేల్చే ఆలోచనను అమెరికా వైమానిక దళం కూడా 1958లో ప్రాజెక్ట్ ఏ119 పేరుతో రహస్యంగా పరిశీలించింది. ఆ సంగతి 2000 నాటికి గాని బయటకు రాలేదు.

బాంబు కన్నా పెద్ద ముప్పు లెడర్‌బర్గ్‌కు బాగా తెలుసు. ఒక్క బ్యాక్టీరియా చాలు, అనువైన చోటు దొరికితే లెక్కలేనన్ని అవుతుంది. భూమి నుంచి వెళ్లిన నౌకకు అంటుకున్న సూక్ష్మజీవి అంగారకుడి మీద బతికితే, రేపు అక్కడ మనకు దొరికేది మన జీవమే. రెండో మెతుకు దొరికిందని సంబరపడతాం, అది మన గిన్నెలోంచి జారినదే అవుతుంది. అతను అమెరికా తిరిగి వెళ్లి జాతీయ సైన్స్ అకాడమీకి లేఖలు రాశాడు. 1958లో నోబెల్ బహుమతి రావడంతో ఆ మాటకు బలం వచ్చింది. భూమికి ఆవల జీవం గురించిన అధ్యయనానికి ఎక్సోబయాలజీ అని పేరు పెట్టిందీ అతనే. 1967లో వచ్చిన అంతరిక్ష ఒప్పందంలో ఇతర గ్రహాలను కలుషితం చేయకూడదన్న నిబంధన చేరింది. ఇదంతా హాల్డేన్ చేశారని నేను అనను. ఆ రాత్రి ఆయన లేపిన ప్రశ్నను లెడర్‌బర్గ్ వదిలిపెట్టలేదు, అంతే.

ఆ జాగ్రత్త విలువ 1976లో తెలిసింది. అంగారకుడి మీద దిగిన రెండు వైకింగ్ నౌకలను బయలుదేరే ముందు సుమారు 112 డిగ్రీల వేడిలో 30 గంటల పాటు ఉంచారు. అక్కడి మట్టిలో పోషక ద్రవం పోసిన ఒక ప్రయోగంలో జీవం ఉన్నట్టే వాయువు వచ్చింది. మరో పరికరం మాత్రం మట్టిలో జీవపదార్థం లేదంది. క్లోరిన్ కలిసిన మీథేన్ కొద్దిగా కనిపిస్తే, అది భూమ్మీద పరికరాన్ని కడిగిన ద్రావకం మిగులు అయ్యుంటుందని పక్కన పెట్టేశారు. 2008లో ఫీనిక్స్ నౌక అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ అనే లవణాన్ని కనిపెట్టాక ఆ లెక్క మళ్లీ తెరిచారు. పెర్‌క్లోరేట్‌తో కలిపి వేడిచేస్తే జీవపదార్థం కాలిపోయి సరిగ్గా అలాంటి వాయువే వస్తుంది. మన చేతి మరక ఏదో, అక్కడి నిజం ఏదో విడదీయడం ఎంత కష్టమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఫ్లోరిడాలో ఇద్దరు పెద్దలు

జీవం పుట్టుక గురించి హాల్డేన్ చెప్పిన మాటే, ఆయనకన్నా ఐదేళ్లు ముందు, 1924లో మాస్కోలో అలెగ్జాండర్ ఒపారిన్ ఒక చిన్న రష్యన్ పుస్తకంలో చెప్పారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1963 అక్టోబరులో ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో జరిగిన సదస్సులో ఇద్దరూ మొదటిసారి కలుసుకున్నారు. ముందు చెప్పింది ఒపారినే అని హాల్డేన్ అందరి ముందూ ఒప్పుకున్నారు. అలా చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. అదే సదస్సులో, మొట్టమొదటి జీవికి ఆర్‌ఎన్‌ఏతో చేసిన ఒక్క జన్యువు సరిపోయి ఉండవచ్చని ఆయన సూచించారు. జీవం ఆర్‌ఎన్‌ఏతోనే మొదలైందన్న సిద్ధాంతానికి ఈనాడు ఎంత బలం ఉందో జీవశాస్త్రం చదివే మన పిల్లలకు తెలుసు.

ఆ అమెరికా ప్రయాణంలోనే ఆయనకు రక్తస్రావం మొదలైంది. లండన్‌లో పరీక్షిస్తే పేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రి మంచం మీద నుంచే క్యాన్సర్ మీద నవ్వు పుట్టించే కవిత ఒకటి రాసి అచ్చువేయించారు. లక్షణాలు కనిపిస్తే దాచుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నదే దాని సారాంశం. బీబీసీ కోసం తన సంస్మరణ ప్రసంగం తానే రికార్డు చేశారు. తర్వాత భువనేశ్వర్ తిరిగొచ్చారు. ఒడిశా ప్రభుత్వం అక్కడ ఆయనకు జన్యుశాస్త్ర ప్రయోగశాల ఏర్పాటు చేసింది. 1964 డిసెంబరు 1న కన్నుమూశారు.

నేను కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకున్నవాణ్ని. మొదటి ఏడాది అనాటమీ హాల్లో ఒక దేహం ముందు నిలబడిన రోజు ఏ డాక్టరూ మరిచిపోడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త ఒకాయన తన దేహాన్ని మన కాలేజీకి రాసిచ్చారని సీనియర్లు చెప్పేవారు. ఆయన హాల్డేన్. బతికున్నన్నాళ్లూ తన ఒంటిని పరిశోధనకే వాడానని, పోయాక తనకు దాంతో పనిలేదని, మరొకరికి ఉపయోగపడాలని వీలునామాలో కోరారు. అలాగే దేహం రంగరాయకు చేరింది. ఒపారిన్‌తో మాట కలిపి, లెడర్‌బర్గ్‌ను ఆలోచనలో పడేసిన మనిషి గోదావరి జిల్లా పిల్లలకు వైద్యం నేర్పడానికి వచ్చారు.

రెండో మెతుకు కోసం

హాల్డేన్ పోయి 60 ఏళ్లు దాటింది. ఆయన మాట్లాడిన వస్తువులే ఇప్పటికీ వార్తల్లో ఉన్నాయి. బెన్ను అనే గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన 121 గ్రాముల మట్టిని మా హ్యూస్టన్‌లోనే, భూమి గాలి తగలకుండా నైట్రోజన్ నింపిన పెట్టెల్లో దాచారు. జీవులు వాడే 20 అమినో ఆమ్లాల్లో 14, జన్యువుల అక్షరాలైన ఐదు క్షారాలూ, అమ్మోనియా అందులో ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. అయితే ఆ అమినో ఆమ్లాల్లో కుడిచేతి రకం, ఎడమచేతి రకం దాదాపు సమానంగా ఉన్నాయి. భూమ్మీద జీవులు ప్రొటీన్లకు ఎడమచేతి రకాన్నే వాడతాయి. అంటే బెన్నులో ఉన్నది చారు సరుకు మాత్రమే, జీవం కాదు. అది భూమి నుంచి అంటుకున్నది కాదనడానికి కూడా ఆ సమానత్వం ఒక ఆధారం.

గనిలో హాల్డేన్‌ను పడేసిన మీథేన్‌నే మన మంగళ్‌యాన్ వెతకడానికి వెళ్లింది. ఆ నౌక శ్రీహరికోట నుంచి లేచింది 2013 నవంబరు 5న. అది హాల్డేన్ పుట్టినరోజు కావడం యాదృచ్ఛికమే. భూమ్మీద మీథేన్‌లో ఎక్కువ భాగం జీవుల వల్ల వస్తుంది. చిత్తడి నేలలు, పశువులు, నీళ్లు నిలిచిన మన వరిచేలు అన్నీ మీథేన్ వదులుతాయి. కానీ నీరు, రాయి కలిసి చర్య జరిపినా అది పుడుతుంది. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్ మీథేన్ ఉందంటుంటే, పైనుంచి చూసే యూరప్ నౌకకు అది కనిపించడం లేదు. మీథేన్ ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పలేం.

అందుకే మళ్లీ అంగారకుడి వార్త వాట్సాప్‌లో వచ్చినప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకుని మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఇది జీవం లేకుండా కూడా జరుగుతుందా? మనమే తీసుకెళ్లి పడేసినది కాదని ఎలా తెలుసు? ఇదే మాట చెప్పే వేరే సాక్ష్యం ఏదైనా ఉందా? చెయావా ఫాల్స్ రాయి విషయంలో మొదటి ప్రశ్నకే ఇంకా జవాబు తేలలేదు. ఆ రాయి నుంచి తీసిన ముక్క గొట్టంలో భద్రంగా ఉంది, భూమికి రాలేదు. దాన్ని ఇక్కడి ప్రయోగశాలల్లో చూస్తే తప్ప తేల్చడం కష్టం. హాల్డేన్ రాసిన నాలుగు అవకాశాల్లో ఏది నిజమో అంతవరకు ఎవరూ చెప్పలేరు. రెండో మెతుకు దొరికిన రోజున అది మన చేతికి అంటుకుని వెళ్లినది కాకుండా ఉంటే చాలు.